అక్క అప్పజెప్పిన సాంచ

నా చిన్నప్పుడు మా ఇంట్లో ఎవరూ మెల్లగా మాట్లాడేవారు కారు. సూరత్‌లో తాపీ నది అవతల, అమ్రోలిలో, నేత కార్ఖానాల వెనక వరుసగా కట్టిన గదుల్లో ఒకటి మాది. మా తాత, మా నాన్న, చుట్టుపక్కల బాబాయిలు అందరూ తెలంగాణ నుంచి వచ్చి మరమగ్గాల మీద బతుకుతున్నవాళ్ళు. మరమగ్గాన్ని మావాళ్ళు సాంచ అంటారు. ఏళ్ళ తరబడి సాంచాల మోతలో నిలబడినవాళ్ళకు చెవులు మొద్దుబారిపోతాయి. అందుకని ఇంట్లో ఉప్పు అందుకోమనడానికి కూడా వీధి చివరిదాకా వినపడేట్టు అరుస్తారు. నా గొంతేమో పుట్టుకతోనే సన్నం. నేను చెప్పింది ఎవరికీ వినపడేది కాదు. రెండోసారి చెప్పడానికి నాకు సిగ్గు.

మా తాత ఒక్కడే నా మాట పట్టుకునేవాడు. నిజానికి అందరికన్నా ఎక్కువ చెవుడు ఆయనకే. కానీ ఆయన వినేది కళ్ళతో. నా పెదవులు కదిలితే చాలు, మళ్ళీ చెప్పమనకుండా జవాబిచ్చేవాడు. గుజరాతీ బడిలో చదువుకునే నాకు తెలుగు అక్షరాలు నేర్పింది కూడా ఆయనే. రోజూ డైరీలో నాలుగు ముక్కలు తెలుగులో రాసుకోగలుగుతున్నానంటే అది ఆయన చలవే.

కార్ఖానాలో మాటలుండవు, అన్నీ సైగలే. టిఫిన్ డబ్బా ఇవ్వడానికి వెళ్ళి గుమ్మం దగ్గర నిలబడి నేను ఆ సైగలన్నీ నేర్చుకున్నాను. రెండు వేళ్ళు కత్తెరలా ఆడిస్తే దారం తెగిందని. రెండు చేతులూ గిరగిరా చుట్టి ఖాళీగా విప్పితే బీము అయిపోయిందని, అంటే సాంచకు ఎక్కించిన దారమంతా గుడ్డ అయిపోయిందని. దారం తెగినా చూసుకోకపోతే గుడ్డ పాడవుతుంది, మాట ఆ చూసే మనిషికే వస్తుంది. బీము అయిపోవడం మాత్రం ఎవరి తప్పూ కాదు. సాంచ ఆపి చేతులు తుడుచుకోవడమే.

వాటన్నిటిలోకీ పెద్ద సైగ ఇంకొకటి. నడుస్తున్న సాంచను వదిలి ఎవరూ బయటికి పోకూడదు. చాయ్‌కి పోవాలంటే చేయి పైకెత్తి పక్కవాణ్ణి పిలవాలి. బొటనవేలు నోటి దగ్గర వంచి చూపాలి. రెండు వేళ్ళు తన కళ్ళకు ఆనించి, వాటినే తన సాంచ వైపు తిప్పాలి. నా సాంచ చూస్తుండు అని. పక్కవాడు అరచేయి గుండె మీద పెట్టుకుంటే ఒప్పుకున్నట్టు. ఇక పోయినవాడు తిరిగొచ్చి భుజం తట్టేదాకా ఆ సాంచ ఇతనిదే. పాళీ, అంటే తన షిఫ్టు, అయిపోయినా సరే, కదలకూడదు. ఒకసారి చాయ్‌కి పోయినవాడు మెట్ల మీద పడి కాలు విరగ్గొట్టుకుని దవాఖానాకు పోతే, మా తాత రెండో పాళీ కూడా అక్కడే నిలబడ్డాడట. ఆ మనిషి తమ్ముడొచ్చి భుజం తట్టాకే ఇంటి మొహం చూశాడట. నానమ్మ బతికున్నన్నాళ్ళూ ఆ రోజు చల్లారిపోయిన అన్నం గురించి దెప్పిపొడిచేది.

కరోనా వచ్చిన రెండో ఏటి ఎండాకాలంలో నేను ఏడో తరగతి. బడులు లేవు, కార్ఖానాలు సగం మూతపడ్డాయి. మొదట నాకు జ్వరం వచ్చి పోయింది. తర్వాత అమ్మానాన్నలు మంచం పట్టారు. ఆఖరున తాతకు ఆయాసం మొదలైంది. నగరంలో ఏ దవాఖానాలోనూ మంచం దొరకలేదు. నాన్న పడుకున్న చోటి నుంచే ఫోన్లు చేసి చేసి, చివరికి ఫోన్ గుండె మీద పెట్టుకుని కళ్ళు మూసుకున్నాడు. అప్పుడు అమ్మకు పక్కింటి అక్క గుర్తొచ్చింది.

పక్కింటి అక్క కూడా నాలాగే కార్ఖానాకు టిఫిన్ డబ్బాలు మోసి, ఆ సైగల మధ్య పెరిగిన పిల్ల. అప్పుడే నర్సు చదువు ముగించింది. ఉద్యోగం ఇంకా రాలేదు. బార్డోలీ దాటాక చెరకు తోటల మధ్య ఒక పల్లెలో చిన్న క్లినిక్ ఉందని, అక్కడ మనుషులు చాలడం లేదని ఎవరో చెబితే, జీతం మాట ఎత్తకుండా సేవకని బయలుదేరింది. వాళ్ళమ్మ గొడవ పెట్టుకుంది, ఏడ్చింది, ఆఖరికి మామిడికాయ తొక్కు సీసా చేతికిచ్చి పంపింది. ఆ అక్కే నాన్నతో ఫోన్‌లో, "తాతను పంపియ్యుండ్రి బాబాయ్, ఒక ఆక్సిజన్ మిషన్ ఖాళీ అయితున్నది" అంది. ఎట్లా ఖాళీ అవుతున్నదో నాన్న అడగలేదు.

గుడ్డ తానులు మోసే టెంపోలో తాతను పడుకోబెట్టి తీసుకెళ్ళాం. తోడు నేనే. ఇంట్లో జ్వరం వచ్చి తగ్గినదాన్ని నేనొక్కదాన్నే మరి.

ఆ క్లినిక్ మామూలు రోజుల్లో పురుళ్ళకీ, పాము కాట్లకీ, చెరకు నరికేవాళ్ళ కత్తిగాయాలకీ. ఆ వేసవిలో పక్కనున్న బడి హాలులో కూడా మంచాలు వేశారు. మంచం మంచానికీ ఒక ఆక్సిజన్ మిషన్ గుర్రుమంటూ ఉండేది. డాక్టరు ఒక్కరే. మిగిలినవాళ్ళంతా సేవకు వచ్చినవాళ్ళు. కాలేజీ పిల్లలు, ఖిచిడీ వండే ఇద్దరు ఆడవాళ్ళు, మా అక్క. హాలులోకి వచ్చే ప్రతివాళ్ళూ తల నుంచి పాదాల దాకా తెల్లటి ప్లాస్టిక్ గౌనులో ఉండేవారు. ఆ ఎండకు లోపల చెమట పట్టి, గ్లౌజు విప్పితే నీళ్ళు ఒలికినట్టు ఒలికేది. ఎవరు ఎక్కడ కూర్చుంటే అక్కడే నిద్రపోయేవారు. ఒక అబ్బాయి ఖిచిడీ చెంచా నోటిదాకా తీసుకెళ్ళి అట్లాగే నిద్రపోవడం చూశాను. మొదటిరోజు కాబట్టి నవ్వొచ్చింది. తర్వాత ఎవరు అట్లా కనిపించినా గిన్నె తీసి పక్కన పెట్టేదాన్ని, అంతే.

తాతకు అక్కడ లోకమంతా మూగబోయింది. అందరి నోళ్ళకూ గుడ్డలే. పెదవులు కనపడకపోతే ఆయనకు మాట లేదు. నా నోటికీ మాస్కే. డాక్టరు మంచం దగ్గరికి వచ్చి హిందీలో గట్టిగా చెప్పేవాడు. తాతకు ఆ కళ్ళు మాత్రమే కనపడి, తిడుతున్నాడనుకుని మొహం తిప్పుకునేవాడు. వాళ్ళు ఆక్సిజన్ మాస్కు పెట్టడం, ఈయన పీకేయడం. వేలికి తగిలించిన క్లిప్పులో అంకె పడిపోవడం, ఎవరో ఒకరు పరుగెత్తుకు రావడం. పొద్దంతా ఇదే పని. రాసి చూపుదామంటే ఆయన చదివే కళ్ళజోడు ఇంట్లోనే ఉండిపోయింది. నేను నాకొచ్చిన సైగలన్నీ చేశాను. ఉండు, ఆగు, తియ్యొద్దు. పిల్ల చెబితే వినే ముసలివాడు కాదు మా తాత.

ఆ సాయంత్రం డాక్టరు గుజరాతీలో అక్కతో అనడం విన్నాను. అక్కను అక్కడ అందరూ బెన్, అంటే చెల్లెమ్మా, అని పిలిచేవారు. చెడ్డవాడేమీ కాదు, బాగా అలిసిపోయిన మనిషి. "వద్దనే మనిషిని ఎంతసేపని పట్టుకుంటాం బెన్? బయట బండ్లలో మనుషులు ఈ మిషన్ కోసమే ఎదురుచూస్తున్నారు. రేపటిదాకా చూద్దాం. పెట్టుకుంటే సరే. లేకపోతే ఇంటికి పంపిద్దాం." ఇంటికంటే ఏమిటో ఆ గొంతులోనే తెలిసింది.

మర్నాడు మధ్యాహ్నం తాత మాస్కు పీకి పక్కన పడేసి, పంచె బిగించుకుని, సంచి చంకన పెట్టుకుని, మంచం పట్టుకుని లేచి నిలబడ్డాడు.

"పా బిడ్డా, ఇంటికి పోదాం. గీడ సచ్చుడు నాకద్దు. గీళ్ళకు మొఖాలే లెవ్వు."

నేను ఆయన చొక్కా పట్టుకున్నాను. మాస్కు వెనక నుంచి ఏం చెప్పినా ఏం లాభం? ఊపిరందక ఆయన భుజాలు ఎగిరెగిరి పడుతున్నాయి. మొండితనంతో నిలబడ్డాడు తప్ప కాళ్ళలో సత్తువ లేదు.

అప్పుడు అక్క వచ్చింది. గౌనులో ఎవరెవరో తెలియకపోయినా, నడకను బట్టి అక్కేనని నాకు తెలిసింది. తాతను పట్టుకోలేదు, బతిమాలలేదు. పక్క మంచం దగ్గరికి వెళ్ళి నిలబడింది. ఆ మంచం మీద చెరకు నరికే ముసలాయన ఒకడున్నాడు. కోతలు ముగిసి ఆయన ముఠా అంతా కొండ ఊళ్ళకు వెళ్ళిపోతూ, నడవలేని ఆయన్ని ఇక్కడ దింపి పోయింది. మగతలో ఆయన చేయి మాటిమాటికీ మాస్కు మీదికి పోయేది. అందరూ ఆయన్ని కాకా అనేవారు.

అక్క చేయి బాగా పైకెత్తింది. తాత చూశాడు. గ్లౌజు తొడిగిన బొటనవేలు నోటి దగ్గర వంచింది. రెండు వేళ్ళు కళ్ళద్దాలకు ఆనించి, కాకా వైపు తిప్పింది.

తాత అరచేయి తనంతట తానే గుండె మీదికి వెళ్ళింది. అన్నేళ్ళ అలవాటు, ఆయన్ని అడగనైనా లేదు. అక్క వెంటనే వెనక్కి తిరిగి వెళ్ళిపోయింది.

తాత కొంతసేపు అట్లాగే నిలబడ్డాడు. సంచిని చూసుకున్నాడు, తలుపు కేసి చూశాడు. అంతలో కాకా చేయి మళ్ళీ మాస్కు మీదికి పోయింది. తాత సంచి జారవిడిచి ఆ చేయి పట్టుకున్నాడు. పట్టుకుని మంచం మీద కూలబడ్డాడు. కళ్ళు తిరుగుతున్నాయని నాకు తెలుస్తూనే ఉంది. కళ్ళు తిరిగితే సాంచ చూసేదెట్లా? తాత నా వైపు చూడకుండా చేయి మాత్రం చాచాడు. నేను ఆక్సిజన్ మాస్కు అందించాను. తనే పెట్టుకున్నాడు.

కాసేపటికి కాలేజీ పిల్లవాడొకడు వచ్చి రెండు మంచాలూ దగ్గరికి జరిపి పోయాడు. ఇప్పుడు కాకా మీద కన్నూ చేయీ రెండూ ఉంచాలంటే తాత బోర్లా తిరిగి పడుకోవాలి. అట్లా పడుకోమనే డాక్టరు నిన్నటి నుంచీ మొత్తుకుంటున్నాడు.

ఇక తాత కోపం చూడాలి. కాసేపటికోసారి మాస్కు కొద్దిగా ఎత్తి నన్ను అడిగేవాడు.

"గా పిల్ల ఇంకా రాలేదా? చాయ్ తాగనీకి పోయిందా, చాయ్‌పత్త తెంపనీకి పోయిందా?"

నేను తల అడ్డంగా ఊపేదాన్ని.

"ఏ కార్ఖానల నేర్సిందో ఏమో. మా దిక్కు గిట్ల జేస్తే సేటు కన్నా ముందు నేనే ఎల్లగొడుతుంటి."

తెల్ల గౌను ఏది కనపడినా ఈమేనేమోనని అనుమానంగా చూసేవాడు. అందరూ ఒక్క తీరుగానే ఉన్నారాయె. అక్క పదిసార్లు ఆ హాలులోంచి తిరిగింది. తాత మంచం దగ్గరికి వస్తే మాత్రం తల వంచుకుని, భుజం అందనంత దూరంలోంచి పోయేది. ఒకసారి నా వైపు చూసి కళ్ళతో నవ్వింది. మర్నాడు డాక్టరు తాత వేలికున్న అంకె చూసి, ఇంటికి పంపే మాట ఎత్తకుండా పక్క మంచానికి వెళ్ళిపోయాడు. బయట బండిలో ఉన్నవాళ్ళకు ఇంకేదో మిషన్ దొరికిందని తర్వాత అక్క చెప్పింది.

తాతా కాకా మాట్లాడుకోవడం మొదలుపెట్టారు. కాకా కొండ ప్రాంతం భాష తాతకు రాదు, వచ్చినా వినపడదు. తాత తెలుగు కాకాకు రాదు. అయినా ఎవరి భాషలో వాళ్ళు చెప్పుకుంటూనే ఉండేవారు. కాకా ఒంగి చెరకు నరికినట్టు చేయి ఆడించి చూపితే, తాత దారం ముడి వేసి చూపేవాడు. కాకా ఒకసారి తన అరచేతిలోని కాయలు చూపించాడు. తాత తన వేళ్ళ కొనలు చూపించాడు. ఎవరివి గట్టివో ఇద్దరూ నొక్కి నొక్కి చూసుకున్నారు. కాకాకు మెలకువ ఉండే సమయం రోజురోజుకూ తగ్గుతూ వచ్చింది. అది నేను గమనించాను గానీ, ఆ మాట డైరీలో కూడా రాయలేదు.

ఒక మధ్యాహ్నం తాతకు గాఢంగా నిద్ర పట్టింది. అన్ని రోజుల్లో అంత నెమ్మదిగా ఆయన ఊపిరి తీయడం అదే మొదలు. నేను గోడకు ఆనుకుని కథల పుస్తకం తెరిచి, చదవకుండా ఆ ఊపిరినే వింటూ నిద్రలోకి జారిపోయాను. కళ్ళు తెరిచేసరికి పక్క మంచం మీద కొత్త దుప్పటి పరచి ఉంది. కాకా లేడు.

తాత నాకన్నా ముందే లేచినట్టున్నాడు. మంచం మీద కూర్చుని ఆ దుప్పటినే చూస్తున్నాడు. మాస్కు ఒడిలో పడి ఉంది. చేయి గుండె మీద ఉంది.

"పండుకున్న బిడ్డా. సాంచ ఇడిచిపెట్టి పండుకున్న."

మాస్కు ఇస్తే తీసుకోలేదు. నీళ్ళిస్తే తాగలేదు. క్లిప్పులో అంకె దిగడం మొదలైంది. నేను పరుగెత్తి అక్కను పట్టుకుని గౌను లాగి, తాత మంచం చూపించాను. అక్క తాత వైపు చూసి అర్థం చేసుకుంది.

ఈసారి ఎదురుగా రాలేదు. కార్ఖానాలో వచ్చినట్టు వెనక నుంచి వచ్చి తాత భుజం మీద గట్టిగా తట్టింది. తాత తిరిగి చూశాడు. నేనొచ్చాను, ఇక నాది, అన్నట్టు అక్క తన గుండె మీద చేయి పెట్టుకుంది.

తాత రెండు వేళ్ళూ పైకెత్తి కత్తెరలా ఆడించాడు. తెగిందా, అని అడుగుతున్నాడు.

అక్క తల అడ్డంగా ఊపింది. రెండు చేతులూ గిరగిరా చుట్టి, చుట్టి, ఖాళీగా విప్పింది. బీము అయిపోయింది.

తాత మళ్ళీ కత్తెర చూపాడు. అక్క మళ్ళీ చేతులు చుట్టి విప్పింది. తొందరపడలేదు. హాలు అవతల ఎవరో బెన్, బెన్ అని పిలుస్తున్నా కదలకుండా, ఆ ఖాళీ చేతులు అట్లాగే చాచి నిలబడింది. తాత ఆ చేతులకేసి చాలాసేపు చూశాడు. తర్వాత తన చేయి గుండె మీది నుంచి దించాడు. రెండు చేతులూ పంచెకు తుడుచుకున్నాడు. ఒడిలోని మాస్కు తీసి పెట్టుకున్నాడు.

కొంతసేపటికి అక్కను వెతుక్కుంటూ వెనక మెట్ల దగ్గరికి వెళ్ళాను. గౌను విప్పేసి, తడిసి ముద్దయిన బట్టలతో గోడకు ఆనుకుని కూర్చుంది. పక్కన చాయ్ కప్పులో మీగడ కట్టేసింది. ఎదురుగా కోసేసిన చెరకు చేను, మోళ్ళు మాత్రం మిగిలి ఎండకు తెల్లగా కనపడుతోంది. నేను దూరంగా మెట్టు మీద కూర్చున్నాను.

"అక్కా, కాకా బతకడని నీకు ముందే తెల్సా?" చాలా మెల్లగా అడిగాను. రెండోసారి అడిగే పని పడలేదు.

"తెల్సే చెల్లే. డాక్టర్ సాబ్ చెప్పిండు."

"మరి తాతకెందుకు అప్పజెప్పినవ్?"

అక్క కళ్ళు తెరవకుండానే జవాబు చెప్పింది. "ఏం జేయమంటవ్ మరి? మీ తాత ఆగాలె. గా కాకా ఒక్కడే పోవద్దు. నాకున్నయి రెండే కండ్లాయె."

అంతటితో నిద్రపోయిందనుకున్నాను.

"మీ తాత పండుకున్నడు గని, చెయ్యి కాకా చెయ్యి మీదనే ఉండె. పట్టుకొనే పండుకున్నడు. ఇడిపియ్యనీకి నాకు జర సేపు పట్టింది."

ఆ మాట తాతతో చెబుదామంటే దానికి కార్ఖానాలో సైగ లేదు. తర్వాత, ఇంటికి చేరాక, ఇద్దరం మాస్కులు తీసిన మొదటిరోజున నా పెదవులతో చెప్పాను. తాత తన అరచేయి తిప్పి చూసుకున్నాడు.

ఆ మెట్ల మీద అక్క ఉన్నట్టుండి నా వైపు తిరిగింది. అలసటో ఆటో నాకు తెలియదు. కూర్చున్న చోటే చేయి కొంచెం పైకెత్తింది. బొటనవేలు వంచి చాయ్ కప్పు చూపింది. రెండు వేళ్ళు ఎర్రబడ్డ కళ్ళకు ఆనించి, హాలు తలుపు వైపు తిప్పింది. బడిలో జవాబు తెలిసినా చేయెత్తని పిల్లను నేను. అయినా నా అరచేయి గుండె మీదికి పోయింది. అక్క గోడకు తల ఆనించి, మరుక్షణం నిద్రలోకి వెళ్ళిపోయింది.

నేను గుమ్మంలో నిలబడి హాలు వైపు చూస్తూ ఉన్నాను. ఎవరు కదిలారు, ఎవరి చేయి మాస్కు మీదికి పోతోంది, ఎవరి మిషన్ మోత మారింది. ఒకావిడ మాస్కు లాగబోతే వెళ్ళి చేయి పట్టుకున్నాను. నా గొంతు వినపడాల్సిన అవసరం ఎవరికీ రాలేదు. ఎండ మెట్ల మీది నుంచి గోడ మీదికి పాకింది. అప్పుడు ముందు వాకిట్లో ఏదో బండి ఆగింది, కేకలు వినపడ్డాయి. అక్క ఉలిక్కిపడి లేచి, గౌను చేతుల్లోకి దూర్చుకుంటూ, నా పక్కనుంచే లోపలికి పరుగెత్తింది.

తాత కోలుకుని ఇంటికొచ్చాడు. ఇప్పటికీ చాయ్ ఆలస్యమైతే చాయ్‌పత్త తెంపనీకి పోయినవా అనే అడుగుతాడు. అక్కకు హజీరాలో ఒక కంపెనీ దవాఖానాలో ఉద్యోగం వచ్చింది. వచ్చినప్పుడల్లా మా ఇంట్లో కూర్చుని వెళుతుంది. ఆ వేసవి మాట ఎవరమూ ఎత్తం. నేను కాలేజీలో చేరాను. సెలవు దొరికితే బార్డోలీ బస్సెక్కి ఆ క్లినిక్‌కి పోతాను. ముసలివాళ్ళను నీడలో కూర్చోబెడతాను, మందు ఏ పూట వేసుకోవాలో చేతులతో చూపిస్తాను. ఎందుకంత దూరం పోతావని అమ్మ అడుగుతుంది.

ఆ రోజు అక్క తొందరలో నా భుజం తట్టడం మరిచిపోయింది. నేను ఎప్పుడూ గుర్తు చేయలేదు.